మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారండీ?

చెప్పండి చూద్దాం. మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారు?

ఆ ఫోను లోపల పెట్టండి. అందులో దొరకదు. నేనడుగుతున్నది మిమ్మల్ని. ఆ చెరువులోనే కదా ఈత నేర్చుకున్నారు? ఆ గట్టు మీద కూర్చునే కదా తాటిముంజెలు తిన్నారు? అక్బరు ఎప్పుడు గద్దె ఎక్కాడంటే 1556 అని ఠక్కున చెబుతారు. ఢిల్లీ ఎక్కడ, మనమెక్కడ! చెరువు మాత్రం ఇంటి వెనకే ఉంది. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలీవు. ఇదేం న్యాయమండీ?

మూతి ముడవకండి. తప్పు మీది కాదు. బడిలో ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు బడి బయట రచ్చబండ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళని లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. పిలిస్తే ఎంత బావుంటుందో చెబుదామనే ఈ కబుర్లన్నీ. కుర్చీ కాస్త ఇటు లాక్కోండి.

ఈ చెరువు ప్రశ్న నేను కొత్తగా పుట్టించింది కాదు. రెండు వందల ఏళ్ళ కిందటే దీన్ని పట్టుకుని ఊరూరా తిరిగినవాళ్ళున్నారు. కంపెనీ కొలువులో కాలిన్ మెకంజీ అని ఒక సర్వేయరు దొర. కొండలూ ఏళ్ళూ కొలవడం ఆయన ఉద్యోగం. కథలు పోగెయ్యడం ఆయన పిచ్చి. ఆ పిచ్చికి తోడు దొరికినవాడు మన ఏలూరు కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య. తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి కూడా అదే బాట పట్టారు. బొర్రయ్య ముప్పై నిండకుండానే 1803లో పోయాడు. తమ్ముళ్ళు పని ఆపలేదు.

వాళ్ళేం చేసేవారంటే, ఊరికి వెళ్ళగానే కరణాన్ని పట్టుకునేవారు. పూజారిని పట్టుకునేవారు. పళ్ళూడిన పెద్దల్ని పట్టుకునేవారు. ఈ ఊరు ఎవరు కట్టారు, గుడి ఎవరిది, ఏ రాజు ఎవరికి మాన్యం ఇచ్చాడు, చెరువు ఎవరు తవ్వించారు అంటూ కూపీ లాగి రాయించేవారు. అలా తయారైనవే కైఫీయతులు. కరణాల ఇళ్ళల్లో దండకవిలెలని ఉండేవి లెండి. ఊరి లెక్కలతో పాటు ఊరి జ్ఞాపకాలు కూడా వాటిలో రాసుకుంటూ వచ్చేవారు. తాత రాసినదాని కింద మనవడు రాసేవాడు. కైఫీయతుల్లో చాలా సంగతులు వాటినుంచి దిగినవే.

తర్వాత బ్రౌను దొర వాటికి నకళ్ళు రాయించాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. కడప జిల్లా కైఫీయతులు సంపుటాలుగా అచ్చయ్యాయి కూడా. మీది ఆ వైపు ఊరైతే ఇవాళే వెళ్ళి చూడండి. మీ ఊరి పేరు కనబడితే ఎగిరి గంతేస్తారు. వెయ్యకపోతే నన్నడగండి!

కాకపోతే ఒక మాట. కైఫీయతు దొరికిందని సంబరపడి అక్కడే ఆగిపోకండి. అది రెండు వందల ఏళ్ళ వెనకటి సంగతి. ఆ తర్వాతది ఎవరు రాశారు? అదీగాక, కైఫీయతులో మాట్లాడేది ఎక్కువగా కరణం. చెరువు తవ్వించినవాడి పేరు అందులో ఉంటుంది. పలుగూ పారా పట్టి తవ్వినవాళ్ళ పేర్లు ఉండవు. ఆడవాళ్ళ పేర్లు వెతకబోతే కళ్ళు నొప్పెడతాయి. అవన్నీ ఎక్కడున్నాయంటారా? పాటల్లో ఉన్నాయి. మొక్కుల్లో ఉన్నాయి. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు లేదూ, అక్కడి జనాన్ని అడగండి. చెరువు గండి పడబోతే ఊరిని కాపాడ్డానికి తనని తాను కట్టకి అర్పించుకున్న కోడలు ముసలమ్మ కథ చెబుతారు. ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణం' అని కావ్యం చేశారు. తెలుగులో ఆధునిక కావ్యాల మాట వచ్చినప్పుడల్లా దాని పేరు వస్తుంది. చూశారా, చెరువుగట్టు మీది కథ ఎంత దూరం నడిచిందో!

అన్నట్టు, శ్రీముఖలింగం ఎప్పుడైనా వెళ్ళారా? శ్రీకాకుళం జిల్లా, వంశధార ఒడ్డు. వెళ్ళలేదా? అయ్యో, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ!

మధుకేశ్వరుడి గుడి అది. గర్భగుడిలో పెద్ద మట్టి గోలెం ఒకటుంది. అంత గోలెం ఆ చిన్న గుమ్మంలోంచి లోపలికెలా వెళ్ళిందని ప్రతివాళ్ళూ నోరు తెరుస్తారు. ఒక కుమ్మరి మొక్కుకుని చేసి తెచ్చాడట. గుమ్మంలో పట్టలేదట. అతను ఏడుస్తూ కూర్చుంటే స్వామే దాన్ని లోపలికి తీసుకున్నాడట. ఇంకో కథ కూడా ఉంది. కొండల్లో ఉండే సవరల నాయకుడికి ఇద్దరు పెళ్ళాలు. ఇంటి ముందు ఇప్పచెట్టు. దాని పూలు ఎవరివని ఇద్దరికీ తగువు. విసిగిపోయి చెట్టునే నరికేశాడు. ఆ మొదట్లో శివుడు ముఖంతో కనిపించాడు. ముఖలింగం వచ్చిందలాగట. రాజుల గుడిలో కుమ్మరి గోలెం ఒకటి, సవర ఇంటి తగువు ఒకటి! ఈ రెండూ గోడల మీది శాసనాల్లో వెతక్కండి. ఊళ్ళోవాళ్ళ నోట వినాలి.

శాసనాలు తక్కువేం కాదు మళ్ళీ. గోడల నిండా, స్తంభాల నిండా అక్షరాలే. వాటి దగ్గరికే వస్తున్నా. ఆ గుడికి దగ్గర్లోనే పర్వతాలపేట అని ఊరుంది. అక్కడ 1863 ఆగస్టు 29న ఒక పిల్లవాడు పుట్టాడు. పెద్దయ్యాక పర్లాకిమిడి బడిలో పంతులయ్యాడు. ఆ రాళ్ళ మీద ఏముందో చదవాలని పాత లిపులన్నీ తనకు తానే నేర్చుకున్నాడు. కూర్చుని చదివాడు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించాడు. ఎవరో పోల్చుకున్నారా? తారీఖు చెప్పగానే పోల్చుకోవాలి! గిడుగు రామమూర్తిగారండీ. ఏటా ఆ రోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం కదా.

గిడుగువారంటే మనకి గుర్తొచ్చేది వాడుకభాష ఉద్యమం. దండలు వేసి, ఉపన్యాసాలు చెప్పి, లడ్డూలు పంచి ఇంటికొస్తాం. నాకు మాత్రం ఆయన చేసిన ఇంకో పని మీద అంతకంటే పెద్ద ప్రేమ ఉంది. తెలుగు సంగతి ఎత్తుకోకముందే ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఎలా? పర్లాకిమిడికి కొండలమీంచి సవరలు వచ్చిపోతూ ఉండేవాళ్ళు. వాళ్ళ మాటలు ఊళ్ళో ఎవరికీ పట్టేవి కావు. ఈయన చెవిలో పడ్డాయి. ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లోనే పెట్టుకుని, ఎదురుగా కూర్చుని మాట మాటా నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ రోజులేమిటి! పంతులుగారంటే ఊళ్ళో ఎంత గౌరవం! అలాంటాయన బడి అయ్యాక ఇంటికొచ్చి, అక్షరం ముక్క రాని మనిషి దగ్గర శిష్యుడైపోయాడు. పలుకు తప్పితే దిద్దించుకున్నాడు. నాకు తెలిసి ఊరి భాషలూ ఊరి కథలూ నిలబెట్టే పనంతా ఇక్కడే మొదలవుతుంది. చదువుకున్నవాళ్ళు ముందు విద్యార్థులుగా కూర్చోవాలి. అది జరగని చోట ఎన్ని పథకాలు పెట్టినా కాగితాలే మిగులుతాయి.

ఆ తర్వాత గిడుగువారు సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు. వాళ్ళ పాటలూ కథలూ కాగితం మీదికి ఎక్కించుకున్నారు. ప్రభుత్వం మెచ్చి వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకో మంచి బడి పెట్టండి అన్నారని చెబుతారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి క్వినైను మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. చెవి పెట్టి భాష నేర్చుకున్న మనిషికి ఆ చెవే పోయింది. అయినా ఆగారా? 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆ దశాబ్దంలోనే నిఘంటువు కూడా వచ్చింది. మనవాళ్ళు తెలుగు ఎలా మాట్లాడుతున్నారో అలాగే రాయాలని ఆయన అంత గట్టిగా అన్నారంటే, సవరల దగ్గర అన్నేళ్ళు చెవొగ్గి కూర్చున్నందువల్లనేనని నా గట్టి నమ్మకం. మీరు కాదంటే రేపు పొద్దున్నే వాదించుకుందాం, కాఫీ నేనే ఇస్తాను.

సవర ఎంత తమాషా భాషో తెలుసా? మన తెలుగుకి చుట్టం కాదది. ముండా భాషల్లోది. సంతాలీకి బంధువు. ఇంకా దూరం వెళితే కంబోడియా ఖ్మేరుతోనూ వియత్నాం భాషతోనూ చుట్టరికం కలుస్తుంది. సీతంపేట సంతలో పసుపూ చింతపండూ బేరమాడుతున్న అవ్వ మాటకి వియత్నాంలో దూరపు బంధువులున్నారంటే ఒళ్ళు పులకరించదూ?

ఇక వాళ్ళ లెక్క చూడండి. మనం పది దగ్గర మలుపు తిరుగుతాం. సవరలు పన్నెండు దాకా నడిచి అక్కడ తిరుగుతారు. పదమూడంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఇరవై దగ్గర ఇంకో మెట్టు. ముప్పైమూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభైమూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. వేళ్ళు ముడుచుకుని కూడి చూసుకోండి, నేను ఆగుతాను. సరిపోయిందా? ఇంత చక్కటి లెక్క ఇంట్లో నేర్చుకుని బడికొచ్చిన పిల్లకి తెలుగులో ఒకటీ రెండూ చెప్పి, రాకపోతే మొద్దు అంటే ఎలాగండీ! ఆ పిల్ల చేత బోర్డు మీద సవర లెక్క వేయించి, మిగతా పిల్లల చేత తొంభైమూడు విప్పించి చూడండి. క్లాసంతా గోలెత్తిపోతుంది.

మన ఇళ్ళల్లో మాత్రం తక్కువా? నాయనమ్మని అడగండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అంటుంది. ప్రతి మెట్టూ రెట్టింపే. కంప్యూటరు చదువుతున్న మనవడికి ఆ లెక్క వెంటనే వెలుగుతుంది. నాయనమ్మ ఆ రోజు నుంచి మేష్టారు.

పిల్ల భాషలో పాఠం అనే మాట గిడుగువారితో పోలేదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. చిన్న తరగతుల్లో ముందు ఇంటి భాష, తర్వాత మెల్లగా తెలుగు. పుస్తకాల్లో వాళ్ళ పండగలు, వాళ్ళ పంటలు, వాళ్ళ కథలు. అక్షరాలు తెలుగువే. సవరలో గొంతు దగ్గర టక్కున ఆగిపోయే ఒక శబ్దముంది. దానికి తెలుగులో అక్షరం లేదు. ఏదో సర్దుకుని రాస్తారు. ఎప్పుడో ఒకసారి సవర మాట్లాడేవాళ్ళ పక్కన కూర్చుని ఆ శబ్దం పలకబోయి చూడండి. నవ్వుతారు. నవ్వనివ్వండి. అలాగే వస్తుంది.

లిపి మాటొచ్చింది గనక ఇంకోటి చెప్పకుండా ఉండలేను. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపారు. గిడుగువారు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వచ్చేశారు. సరిగ్గా ఆ ఏడే గుణుపురం వైపు మంగయి గొమాంగో అనే సవర పెద్దాయన తన భాషకి కొత్త లిపి కట్టాడు. సోరా సోంపెంగ్ అంటారు. ఇరవైనాలుగు అక్షరాలు. అక్షరానికొక దేవత. అంటే వర్ణమాల చదివితే పూజ అయిపోతుందన్నమాట! 2012లో ఆ లిపి యూనికోడులోకి కూడా ఎక్కింది. అంటే మీ ఫోనుకీ ఆ అక్షరాలు చేతనౌను. ఇందాక లోపల పెట్టమన్నాను గానీ ఇప్పుడు తీసి చూసుకోవచ్చు.

కొండ దిగి అటు ఆదిలాబాదు వైపు పోదాం రండి. దూరమేం కాదు, కబుర్లలోనే కదా పోతున్నాం.

మార్లవాయి. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. గోండు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టం ఏమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన ఆస్ట్రియావాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కదా, శత్రుదేశం మనిషని హైదరాబాదు సంస్థానం దాటి పోనివ్వలేదు. పోనివ్వకపోవడం మన అదృష్టం! ఆయనా ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఇల్లు వేసుకున్నారు. 1943లో అక్కడ గోండు కుర్రాళ్ళకి పంతులు శిక్షణ మొదలైంది. బయటినుంచి పంతుళ్ళని తేలేదు, చూశారా? ఆ గూడేల కుర్రాళ్ళనే తయారుచేశారు. గోండిలో వాచకాలు రాయించారు, దేవనాగరి అక్షరాల్లో. బెట్టీ 1987లో పోయారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. తర్వాత హైమన్‌డార్ఫ్‌నీ ఆమె పక్కనే చేర్చారు.

అదే మార్లవాయి మనిషి కనకరాజుగారు. గుస్సాడీ నృత్యం. నెమలి ఈకల కిరీటం పెట్టుకుని దీపావళి రోజుల్లో దండారీ పండగలో ఆడతారే, అది. ఆయన ఊరి కుర్రాళ్ళందరికీ అడుగులు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో పోయారు. కోయల్లో సకిని రామచంద్రయ్యగారు ఉండేవారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథా, కోయ ఇంటిపేర్ల పుట్టుకలూ నోటితోనే చెప్పేవారు. 2022లో పద్మశ్రీ. ఆయనా 2024లోనే పోయారు. బిరుదులు వచ్చాయి, సంతోషం. బిరుదు రాకముందు అన్ని దశాబ్దాలూ ఆయన పాట ఎన్ని బళ్ళలో మోగిందో అని మాత్రం నాకు మనసులో పీకుతూనే ఉంటుంది. వారానికొక గంట. అంతే అడుగుతున్నాను. డోలు పట్టుకొచ్చి క్లాసు మధ్యలో కూర్చోమని, పంతులుగారికిచ్చినట్టే జీతమిచ్చి. జీతం మాట గట్టిగా చెబుతున్నాను, వినిపించిందా? శాలువాతో సరిపెట్టకూడదు.

మార్లవాయికి ఇవతల గుంజాల అని ఒక ఊరుంది. నార్నూరు మండలం. అక్కడి ఇళ్ళల్లో పాత చేతిరాత పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. అవి ఏ లిపో బయటవాళ్ళకి తెలిసేది కాదు. ఆ ఊళ్ళో కొద్దిమంది పెద్దలకి మాత్రం చదవడం వచ్చేది. హైదరాబాదు నుంచి జయధీర్ తిరుమలరావుగారూ తోటి పరిశోధకులూ వెళ్ళి చూస్తే, అది గోండి రాసుకునే లిపి అని లోకానికి తెలిసింది. అది చదవగలిగిన పెద్దలే పిల్లలకి నేర్పారు. వాచకం వేశారు. 2018లో యూనికోడులో చేరింది. నాకు ఇందులో ముచ్చటైన సంగతేమిటంటే, బయటివాళ్ళు వచ్చేదాకా ఆ పుస్తకాలు చెదలు పట్టకుండా దాచుకున్నది ఆ ఇంటివాళ్ళే. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, దాచమని.

అసలు బడి అంటే నాలుగు గోడలూ గంటా అని మనకి అలవాటైపోయింది గానీ, మన ఊళ్ళకి నడిచొచ్చే బళ్ళుండేవి. తెలంగాణ పల్లెల్లో కాకిపడగలవాళ్ళు చేర్యాల నకాషీ గీసిన బారెడు బారెడు బట్ట చుట్ట భుజాన వేసుకొచ్చి ముదిరాజుల కథ చెప్పేవాళ్ళు. కూనపులివాళ్ళొచ్చి పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. డక్కలివాళ్ళు మాదిగలకి జాంబపురాణం. మందెచ్చులవాళ్ళు చెక్కబొమ్మలు పెట్టి గొల్లలకి కాటమరాజు కథ. వాళ్ళకి ఊళ్ళు పంచి ఉండేవి. ఏటేటా రావాలి, కథ చెప్పాలి, ధాన్యం పట్టుకెళ్ళాలి. రాత్రంతా దీపం వెలుగులో ఒక్కో బొమ్మా విప్పుతూ, ఒక్కో కథా పాడుతూ. పిల్లలు నిద్ర ఆపుకుని చూసేవాళ్ళు. పరీక్షల్లేవు. అయినా అందరికీ కథ వచ్చేది. బట్ట పాతబడితే పారెయ్యరు, పూజ చేసి నదిలో విడుస్తారు. కొత్తది గీయిస్తారు. ఆ కథలు చెప్పేవాళ్ళు ఇంకా కొందరున్నారు. బళ్ళల్లో పుస్తకాల సంచీ లేని రోజులని పెడుతున్నారు కదా ఇప్పుడు? ఆ రోజు ఆ చుట్ట మన బడి వరండాలో విప్పితే ఎవరొద్దంటారు?

కథలంటే గుర్తొచ్చింది. మళ్ళీ శ్రీకాకుళమే తీసుకెళుతున్నాను, తిట్టుకోకండి. కాళీపట్నం రామారావుగారు, అదేనండీ మన కారా మాస్టారు, జీవితమంతా లెక్కల పంతులు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. అచ్చయిన తెలుగు కథ ప్రతిదీ ఒక్క చోట ఉండాలని పంతం. తనకొచ్చిన బహుమతుల డబ్బు అందులోనే పోశారు. పాత పత్రికల కోసం తిరగని ఊరు లేదు. జిల్లా ఊళ్ళోని ఒక వీధిలో ఆ పని జరిగింది! రాజధాని కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. ఆ కథల్లో మా కళింగాంధ్ర యాస, సీమ మాట, తెలంగాణ పలుకు, అన్నీ పక్క పక్క బీరువాల్లో కూర్చుని ఉన్నాయి. యాస మీద నాదొక ఫిర్యాదుంది. ఇంట్లో 'గుంటడు' అన్న పిల్లవాణ్ణి బడిలో 'బాలుడు' అనిపించేదాకా వదలరు. బాలుడూ రావాలి, సరే. గుంటడు ఏం పాపం చేశాడని తరుముతారు?

సరే, ఇంతసేపూ విన్నారు. మీ చేత కూడా పని చేయించకుండా వదుల్తానా?

మీ తాతయ్య దగ్గరికెళ్ళి "మన ఊరి చరిత్ర చెప్పండి" అనకండి. ఆ మాట వింటే ఎంత మాటకారైనా గొంతు సవరించుకుని, "ఏముందిరా, మామూలు ఊరే" అంటాడు. అయిపోతుంది. "చెరువు తెగిన రాత్రి నువ్వెక్కడున్నావు తాతా?" అని అడగండి. ఇక మీ పని వినడమే. "నీ పెళ్ళికి ఎడ్లబండి ఏ దారిన వచ్చింది అమ్మమ్మా?" అనండి. ఊళ్ళో ఇప్పుడు లేని దారులన్నీ బయటికొస్తాయి. ఏ ఏడాదో గుర్తులేదంటారు. పెద్దవాళ్ళు సంవత్సరాలతో లెక్కపెట్టరు, గాలివానలతో లెక్కపెడతారు. దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా అని అడగండి, 1977 దొరుకుతుంది. గోదావరి పెద్ద వరదకి నీ కడుపులో ఎవరున్నారని అడగండి, 1986 దొరుకుతుంది.

పొలాల పేర్లు అడగండి. మర్చిపోవద్దు! సర్వే నంబర్లు కాదు, పేర్లు. దయ్యాలగుంట అంటారు, రాచబాట అంటారు, దాసరోళ్ళ దిబ్బ అంటారు. ప్రతి పేరు వెనకా ఒక మనిషో, ఒక గొడవో, ఒక దెయ్యమో ఉంటుంది. పొలాలన్నీ ప్లాట్లయిపోతున్నాయి. నంబరు రాళ్ళు పాతాక ఆ పేర్లు పలికేవాళ్ళుండరు. అందుకే ఇవి ముందు.

ఒకే కథ ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. పై వీధివాళ్ళు చెరువు మా ముత్తాత తవ్వించాడంటారు. కింద వీధివాళ్ళు, తవ్వింది మా వాళ్ళు, కూలి కూడా పూర్తిగా ఇవ్వలేదంటారు. తీర్పు చెప్పడానికి కూర్చోకండి. రెండూ రాయండి. పక్కపక్కనే రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో, ఏ తారీఖున చెప్పారో కింద వెయ్యండి. చెప్పినవాళ్ళు వాడిన మాటే రాయండి, మీ పుస్తకం మాట పెట్టి దిద్దకండి. వాళ్ళకి చదివి వినిపించండి. "ఇది రాయకు" అంటే రాయకండి. ఆ తర్వాత ఒక ప్రతి బడికివ్వండి, ఒకటి ఊరి గ్రంథాలయానికివ్వండి, ఒకటి చెప్పినవాళ్ళ ఇంట్లో ఉంచండి.

పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి, ప్రశ్నలు వాళ్ళ చేత అడిగించండి. మీరు అడిగితే తాతయ్య క్లుప్తంగా చెబుతాడు, మనవరాలు అడిగితే పాట కూడా పాడతాడు. మధ్యాహ్నం వేళ వెళ్ళకండి, కునుకు తీస్తూ ఉంటాడు. సాయంత్రం వెళ్ళండి. ఫోను నిండా చార్జింగు పెట్టుకోండి, ఒక్క కూర్చోవడంతో అయ్యేది కాదు. మీ అమ్మమ్మకి మాత్రం ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తాతయ్య చెప్పే ప్రతి మాటకీ వంటింట్లోంచి "అది కాదులే, అసలు జరిగింది వేరు" అని వినబడుతుంది. అది కూడా రికార్డు చెయ్యండి. చాలాసార్లు అసలు కథ అదే.